గ్రీన్ స్ట్రీట్ మనకు చీరల వీధేనా?

మన లండన్ తెలుగువాళ్ల ఈ ఉగాది సభలో ఏం జరిగిందో హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి పంచారు, ఆ తర్వాత సన్మానాలు మొదలయ్యాయి. స్పాన్సర్లకు, మాజీ కార్యవర్గానికి, దానికి ముందటి మాజీ కార్యవర్గానికి శాలువాలు కప్పేసరికి భోజనాల వేళ దాటింది. పిల్లలు రెండు నెలలు కూర్చుని తయారుచేసుకున్న 12 నిమిషాల అంశం, ‘మన వీధిలో పాత ఆట’, పాటల తర్వాత అన్నారు, డ్యాన్సుల తర్వాత అన్నారు, చివరికి తీసేశారు. టైము చాలనప్పుడు ఏదో ఒకటి పోక తప్పదు, దానికి గొడవ లేదు. మైకులో వచ్చిన మాట మాత్రం గుచ్చుకుంది: “ఫుట్‌బాల్ మన సంస్కృతి కాదు కదండీ, పిల్లలూ ఏమీ అనుకోకండి.” ఆ పాత ఆట చూసినవాళ్లని పిల్లలు పిలవగా వచ్చిన ఇద్దరు ఇంగ్లిష్ పెద్దమనుషులు అప్పుడు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. వాళ్లకు తెలుగు రాకపోవడం ఆ పూట మన అదృష్టం.

ఇంతకీ ఆ వీధి ఏది? తూర్పు లండన్‌లోని గ్రీన్ స్ట్రీట్. ఈస్ట్‌హామ్, ఇల్‌ఫోర్డ్ మనవాళ్లకు పెళ్లి కుదిరిందంటే మొదటి ప్రయాణం అక్కడికే. అప్టన్ పార్క్ స్టేషన్‌లో దిగుతాం, క్వీన్స్ మార్కెట్‌లో కూరగాయలు బేరమాడతాం, పట్టుచీరల షాపులు, బంగారం షాపులు తిరుగుతాం, సంచులు నిండాక వెనక్కి తిరుగుతాం. వెనక్కి తిరగకుండా బార్కింగ్ రోడ్డు దాకా నడిస్తే మూల మీద ఒక కంచు విగ్రహం ఉంటుంది. నలుగురు ఆటగాళ్లు. ఇద్దరు కలిసి ఒకరిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైనున్నాయన చేతిలో ప్రపంచ కప్పు. బస్సులోంచి వెయ్యిసార్లు చూసినవాళ్లున్నారు మనలో. ఎవరని అడిగితే “ఎవరో ఇంగ్లిష్ వాళ్లు” అంటారు.

పైనున్నాయన బాబీ మూర్, పక్క ఊరు బార్కింగ్‌లో పుట్టినవాడు. కింద మోస్తున్నవాళ్లు జెఫ్ హర్స్ట్, ఎవర్టన్ ఆటగాడు రే విల్సన్. పక్కన నిలబడ్డది మార్టిన్ పీటర్స్. 1966 జూలై 30న వెంబ్లీలో ఇంగ్లండ్ 4-2తో పశ్చిమ జర్మనీని ఓడించింది. ఆ నాలుగు గోల్స్‌లో మూడు హర్స్ట్‌వి, ఒకటి పీటర్స్‌ది, కెప్టెన్ మూర్. ముగ్గురూ వెస్ట్‌హామ్ క్లబ్బు వాళ్లే. అంటే ఇంగ్లండ్ ఇప్పటిదాకా గెలిచిన ఒకే ఒక్క పురుషుల ప్రపంచ కప్పు ఫైనల్లో ఇంగ్లండ్ గోల్స్ అన్నీ మనం చీరలు కొనే వీధిలో అప్పట్లో ఆడిన క్లబ్బువే. విగ్రహం దగ్గర్లోనే 1904 నుంచి 2016 దాకా ఆ క్లబ్బు మైదానం ఉండేది. రికార్డుల్లో పేరు బొలీన్ గ్రౌండ్, జనం నోట్లో అప్టన్ పార్క్. ఇప్పుడక్కడ ఫ్లాట్లు లేచాయి. వాటిలో మనవాళ్లూ ఉండే ఉంటారు.

క్లబ్బు పుట్టుక కూడా మనలాంటి పనివాళ్ల కథే. 1895లో థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టే థేమ్స్ ఐరన్‌వర్క్స్ కార్మికుల జట్టుగా మొదలైంది, 1900లో వెస్ట్‌హామ్ యునైటెడ్ అయింది. వాళ్ల గుర్తులో అడ్డంగా కనిపించే రెండు సుత్తులు ఓడ రేకులకు రివెట్లు కొట్టే సుత్తులు. ‘హామర్స్’ అన్న పిలుపు ఊరి పేరులోని ‘హామ్’ నుంచి వచ్చిందనుకునేవాళ్లున్నారు. అది ఈ సుత్తులదే.

‘మన సంస్కృతి కాదు’ అన్నవారికి ముందుగా చూపించాల్సింది కప్పులు కాదు, రాన్ గ్రీన్‌వుడ్ పాఠం. 1961లో మేనేజర్‌గా వచ్చిన ఈయన కోచ్ కంటే బడిపంతులు ఎక్కువ. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీకి వచ్చి ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు అందరూ ముక్కున వేలేసుకుంటే, ఈయన అందులోంచి ఏరుకోవాల్సింది ఏరుకున్నాడు. వెస్ట్‌హామ్‌కు నేర్పినదాన్ని ‘నియర్ పోస్ట్ క్రాస్’ అంటారు. మైదానం అంచు నుంచి గోల్ ముందుకు పంపే బంతి క్రాస్; దాన్ని బంతి వస్తున్న వైపున్న గోల్ స్తంభం దగ్గరికి కొట్టడం అన్నమాట.

అంతకుముందు పద్ధతి ఇలా ఉండేది: వింగర్, అంటే మైదానం అంచు వెంట ఆడేవాడు, గోల్ గీత దాకా పరుగెత్తి, బంతిని గాల్లోకి ఎత్తి, అవతలి స్తంభం వైపు వేసేవాడు. అక్కడ గోల్ కొట్టాల్సిన పొడుగాటి సెంటర్ ఫార్వర్డూ, అతన్ని ఆపాల్సిన అంతే పొడుగాటి సెంటర్ హాఫూ ఎగిరి తలలు కొట్టుకునేవారు. బంతి గాల్లో ఉన్నంతసేపూ గోల్‌కీపర్‌కు ముందుకొచ్చి పట్టుకునే వ్యవధి దొరికేది. గ్రీన్‌వుడ్ దీన్ని తలకిందులు చేశాడు. వింగర్ గీత దాకా పోనక్కర్లేదు, డిఫెండర్లు ఇంకా గోల్ వైపు తిరుగుతుండగానే కొట్టేయాలి. మనిషికి కాదు, దగ్గరి స్తంభం ముందున్న ఖాళీలోకి కొట్టాలి. బంతి కాలు వదిలే క్షణానికి ఆ ఖాళీలో ఎవరూ ఉండకూడదు. అందుకోవాల్సినవాడు ముందు అవతలి స్తంభం వైపు రెండడుగులు వేసి, కాపలాదారును అటు లాగి, ఒక్కసారిగా తెగ్గోసినట్టు ఇటు రావాలి. తలతో బలంగా కొట్టనక్కర్లేదు. బంతి వేగం బంతికి ఉంటుంది, దారి మళ్లిస్తే చాలు.

ఇది చెడిపోయే చోట్లు మూడు. పరుగెత్తేవాడు ముందే చేరిపోతే నిలబడి ఎదురుచూడాలి, అప్పుడు కాపలాదారు పక్కకు వచ్చేస్తాడు. క్రాస్ ఎత్తుగా తేలితే కీపర్ సొత్తు. మరీ కిందుగా వస్తే మొదటి డిఫెండర్ కాలికే తగులుతుంది. అందుకే ఇది ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి కుదరాల్సిన సంగతి, మృదంగానికీ వీణకూ కుదిరినట్టు. 1966 ఫైనల్లో మొదటి ఇంగ్లండ్ గోల్ సరిగ్గా ఆ కుదురు మీదే వచ్చింది. మూర్‌ను పడగొట్టారు. లేచాడు, తలెత్తి చూశాడు, జర్మన్లు సర్దుకునే లోపల ఫ్రీకిక్ కొట్టేశాడు. హర్స్ట్ అప్పటికే పరుగులో ఉన్నాడు, తల ఆనించాడు. పాఠం మాత్రం ఎప్పటినుంచో వెస్ట్‌హామ్ సాధనలో నడుస్తున్నదే.

మూర్ గురించి ఒక్కమాట. కప్పు అందుకోవడానికి మెట్లెక్కుతూ రాణిగారి తెల్లటి గ్లవ్స్ చూసి, తన బురద చేతులు గబగబా తుడుచుకున్నాడు. వేదికెక్కేటప్పుడు చేతులు చూసుకునే మర్యాద మన సన్మాన గ్రహీతలకూ, ఇచ్చేవారికీ కూడా కాస్త అబ్బితే బాగుండును. 1964లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ ఎఫ్.ఏ. కప్, 1965లో యూరప్ కప్ విన్నర్స్ కప్, 1966లో ప్రపంచ కప్: మూడు వేసవులు వరసగా వెంబ్లీలో కప్పు ఎత్తాడు. 1993 ఫిబ్రవరిలో 51 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. ఆయన వేసుకున్న 6వ నంబరు చొక్కాను 2008 నుంచి క్లబ్బు ఇంకెవరికీ ఇవ్వడం లేదు.

తూర్పు లండన్ పెద్దవాళ్లు ఎక్కువగా తలుచుకునేది 1966ను కాదు, 1980ని. అప్పుడు వెస్ట్‌హామ్ రెండో డివిజన్‌లో ఉంది, ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో ఎదురుగా ఆర్సెనల్. మేనేజర్ జాన్ లయల్ చిన్న ఎత్తు వేశాడు. ఇద్దరు ఫార్వర్డ్‌లు ముందుంటారని అందరూ అనుకుంటే, స్టువర్ట్ పియర్సన్‌ను వెనక్కి లాగి డేవిడ్ క్రాస్‌ను ఒంటరిగా వదిలాడు. ఆర్సెనల్ సెంటర్ బ్యాక్ డిఫెండర్లలో ఒకడికి కాపలా కాయడానికి మనిషే లేకుండా పోయాడు. 13వ నిమిషంలో ట్రెవర్ బ్రూకింగ్ వంగి తలతో గోల్ కొట్టాడు. బ్రూకింగ్ తలతో గోల్ కొట్టడమంటే ఘంటసాల డప్పు కొట్టినట్టు. 1-0. పై డివిజన్‌లో లేని జట్టు ఎఫ్.ఏ. కప్ గెలవడం ఆ తర్వాత మళ్లీ జరగలేదు. ఆ జట్టులోని అలన్ డెవన్‌షైర్‌ను 1976లో సౌతాల్ క్లబ్బు నుంచి 5,000 పౌండ్లకు తెచ్చుకున్నారు. అప్పటికతను ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు.

ఇంకొకటి, 1986 ఏప్రిల్ 21 రాత్రి. వెస్ట్‌హామ్ న్యూకాసిల్ మీద 8-1తో గెలిచింది. డిఫెండర్ ఆల్విన్ మార్టిన్ మూడు గోల్స్ కొట్టాడు, ముగ్గురు వేర్వేరు కీపర్ల మీద! ఇప్పటి పిల్లలు నమ్మరు. అప్పుడు బెంచీ మీద ఒక్కడే సబ్‌స్టిట్యూట్, ఆ స్థానాన్ని కీపర్‌కు ఇవ్వడం అరుదు. న్యూకాసిల్ కీపర్ గాయపడి దిగిపోయాడు, చేతిగ్లవ్స్ తొడుక్కున్న రెండోవాడికీ దెబ్బ తగిలింది, చివరికి ఫార్వర్డ్ పీటర్ బియర్డ్‌స్లీ గోల్‌లో నిలబడ్డాడు. మార్టిన్ మూడో గోల్ పెనాల్టీ మీద అతనికే. ఆ సీజన్ వెస్ట్‌హామ్ మూడో స్థానంలో ముగించింది. లీగ్‌లో అంతకంటే పైకి వాళ్లెన్నడూ చేరలేదు.

సరే, ఇదంతా తీపి. చేదు పక్కన పెట్టి ఉగాది పచ్చడి చేయలేం కదా. ఆ మైదానం మన రంగువాళ్లకు ఎల్లప్పుడూ చుట్టరికం చూపలేదు. బెర్ముడా నుంచి వచ్చిన క్లైడ్ బెస్ట్ 1969 నుంచి 1976 దాకా ఇక్కడ ఆడాడు, కోతి కూతలు విన్నాడు, మొహం మీద యాసిడ్ పోస్తామన్న ఉత్తరం అందుకున్నాడు. 1972 ఏప్రిల్ 1న ఇదే క్లబ్బు టోటెన్‌హామ్ మీద ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లను దింపిందన్నది కూడా అంతే నిజం. 1980లో ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్‌లో ఒక ఆసియా యువకుణ్ణి స్కిన్‌హెడ్ గుంపు పొడిచి చంపింది. ఆ రోజుల్లో మ్యాచ్ ఉన్న శనివారం మన ఉపఖండం వాళ్లు గ్రీన్ స్ట్రీట్‌కు పోకుండా పక్క సందులు వెతుక్కునేవారు. అదే ఏడు మాడ్రిడ్‌లో వెస్ట్‌హామ్ జనం చేసిన రగడకు శిక్షగా రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టియాతో తిరుగు మ్యాచ్ ఖాళీ మైదానంలో ఆడించారు. హాజరు 262 మంది.

తలతో కొట్టిన ఆ బంతుల ధరా తక్కువ కాదు. నిబంధన ప్రకారం ఆట మొదలయ్యేటప్పుడు బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. పాత తోలు బంతి బురదలో నీరు తాగాక ఇంకా బరువెక్కేది. విగ్రహంలోని నలుగురిలో విల్సన్, పీటర్స్ ఇద్దరూ మతిమరపు జబ్బుతోనే పోయారు. 2023 అక్టోబరులో బాబీ చార్ల్టన్ కూడా వెళ్లిపోయాక 1966 ఫైనల్ ఆడిన ఇంగ్లండ్ పదకొండు మందిలో హర్స్ట్ ఒక్కరే మిగిలారు.

“మరి మన హైదరాబాద్ ఫుట్‌బాల్ మాటేమిటి?” అని కార్యవర్గంలో ఒకరు అడిగారట. అడిగినందుకు సంతోషం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఆయన కోచ్‌గానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. మన వేదిక మీద ఆయన పేరు ఎన్నిసార్లు వినపడింది? ఫుట్‌బాల్ మన సంస్కృతి కాదన్న మాట రహీం సాబ్‌నూ కలిపే తుడిచేస్తుంది. ఇంకా దగ్గరి సంగతి: 1948 జూలై 31న, లండన్ ఒలింపిక్స్‌లో, స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది మన ఇల్‌ఫోర్డ్‌లోనే. చాలామంది బూట్లు లేకుండా ఆడారు, రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నారు, 2-1తో ఓడారు. మన గోల్ కొట్టింది సారంగపాణి రామన్. ఇల్‌ఫోర్డ్‌లో ఇన్ని వందల తెలుగు ఇళ్లున్నాయి, ఆ సంగతి ఎన్ని ఇళ్లలో తెలుసు?

అందుకని కార్యవర్గానికి విన్నపం. వచ్చే ఉగాదికి పంచాంగ శ్రవణానికీ సన్మానాలకూ మధ్య ఆ 12 నిమిషాలు పెట్టండి. సన్మానాల తర్వాత పెడితే మళ్లీ ఇదే జరుగుతుంది. పిల్లలు ఇంటర్నెట్‌లో చదివింది అప్పజెప్పకుండా చూడండి. మ్యాచ్ వీడియోలు వేయొద్దు, హాల్ స్పీకర్లలో వ్యాఖ్యానం అర్థం కాదు, హక్కుల గొడవా ఉంటుంది. పాత మ్యాచ్ ప్రోగ్రాం పుస్తకాలు, టికెట్ ముక్కలు అడిగి తెచ్చి కెమెరా కింద పెట్టి తెర మీద చూపితే చాలు. వారం ముందు పిల్లల్ని తీసుకుని అప్టన్ పార్క్ స్టేషన్ నుంచి విగ్రహం దాకా ఒకసారి నడవండి. అదీ చీరల షాపులు తెరవకముందే వెళ్లడం మంచిది, లేదంటే తల్లులు మధ్యలో ఆగిపోతారు.

ఆ ఇద్దరు పెద్దమనుషుల్ని మళ్లీ పిలవండి. అయితే పిల్లలతో “మీకిష్టమైన ఆటగాడెవరు?” అని మాత్రం అడిగించొద్దు. బాబీ మూర్ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు. “ఎక్కడ నిలబడేవారు? పక్కన ఎవరుండేవారు? ఆట అయ్యాక ఏ దారిన ఇంటికి వెళ్లేవారు?” అని అడిగించండి. కుర్చీ దగ్గరికి లాగి, మైకు వాళ్ల చేతికే ఇచ్చేయండి.