సొట్టచెంబు సౌందర్యం

ముప్పయ్యేళ్ళుగా వంటింటి గడప దాటవలసిన అవసరం రాని నాకు, పదవీ విరమణ చేసిన రెండో నెలలో, ఒక సొట్టపడిన ఇత్తడి చెంబులో అనిర్వచనీయమైన సౌందర్యం గోచరించింది. నల్లబడిన దాని పొట్ట మీద కిటికీ వెలుగు వంకరగా పడి ఉండగా, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో దానిని చూసిన కన్ను లేదే అని నా హృదయం ద్రవించింది. నా శ్రీమతి చింతపండుతో తోమబోతుంటే వారించి, ఆ నలుపు కళలో అంతర్భాగమని తెలియజేశాను.

పండ్లు, పువ్వులు, గిన్నెలు వంటి కదలని వస్తువులను చిత్రించే వస్తుచిత్రాలకు జరిగిన అవమానం తెలిస్తే పాఠకులు కంటతడి పెడతారు. 1667లో ఫ్రెంచి అకాడెమీ పక్షాన ఫెలిబియాన్ అనే ఆయన చిత్రకళకు అంతస్తులు నిర్ణయిస్తూ, దేవతలనూ వీరులనూ పైన కూర్చోబెట్టి, పండ్లనూ పువ్వులనూ అట్టడుగుకు తోసేశాడు. (పుట్టుకను బట్టి మనుషులకే మెట్లు కట్టిన దేశంవాడిని కనుక నాకు ఈ పద్ధతి వివరించనక్కర లేకపోయింది.) ఆ అడుగుమెట్టు మీదనే కూర్చుని తరువాతి కాలపు ఫ్రెంచి చిత్రకారుడు షార్దాఁ రాగి పాత్రలను, రాజకుమారులను చిత్రించినంత శ్రద్ధగా చిత్రించాడు.

ఇక వస్తువును చిత్రించడంతో తృప్తిపడక వస్తువునే చిత్రంలో అతికించే మిశ్రమ మాధ్యమం సంగతి. 1912లో పికాసో, కుర్చీ పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను నూనెరంగుల నడుమ అంటించి, చట్రానికి బదులు చుట్టూ తాడు బిగించాడు. అసలు కుర్చీ పేమునే తేకుండా అచ్చుగుడ్డతో ఎందుకు సరిపెట్టుకున్నాడని చాలాసేపు ఆలోచించాను. బహుశా ఇంట్లో ఎవరో ఆ కుర్చీలో కూర్చుని ఉంటారు. అదే సంవత్సరం ఆయన మిత్రుడైన చిత్రకారుడు బ్రాక్, ఫ్రాన్సులోని అవిన్యోఁ పట్టణంలో ఒక దుకాణంలో, చెక్కలాగా కనిపించే గోడకాగితం కొని బొగ్గుగీతల పక్కన అతికించాడు.

నేను ప్లైవుడ్డు పలకకు రంగు పట్టేందుకు ముందుగా పూసే తెల్లని జెస్సో రెండు పూతలు వేసి, ఆరిన తరువాత కరెంటు బిల్లునూ, గోనెసంచి ముక్కనూ, ఎండుమిరపకాయల తొడిమలనూ అంటించి, పైన ఆక్రిలిక్ రంగులతో చెంబును ప్రతిష్ఠించాను. ఖర్చు కలిసివస్తుందని మైదా జిగురు ఉడికించుకున్నాను. పుస్తకాలు బైండు చేసేవారు ఆ జిగురులో మైలుతుత్తం ఎందుకు కలుపుతారో బొద్దింకలు వచ్చి బోధించి వెళ్ళాయి. కరెంటు బిల్లు వేడి తగిలితే అక్షరాలు తేలే కాగితం కాబట్టి మూడు నెలల్లో దాని మీది అంకెలన్నీ వెలిసిపోయాయి. జగత్తు అశాశ్వతమనడానికి అది ప్రతీక అని వచ్చినవారికి చెబుతున్నాను. బకాయి మాత్రం శాశ్వతమేనని మరుసటి నెల బిల్లు చెప్పింది.

వచ్చినవారందరూ చెంబు బొమ్మ ముందు నిలబడి, తమ అమ్మ దగ్గర కూడా ఇలాంటివి ఉండేవని గొంతు పూడుకుపోగా చెబుతారు. అవి ఏమయ్యాయని అడిగితే, స్టీలు సామాన్లవాడికి వేసేసి పప్పుడబ్బా తీసుకున్నామని అదే గొంతుతో చెబుతారు.

నా మనశ్శాంతికి భంగం కలిగించింది షార్దాఁయే. 1738 నాటి ఆయన చిత్రం ఒకదానిలో, పీపా మీదికి వంగి పెనం తోముతున్న పనిమనిషి ఉంటుంది. ఆమె చూపు మాత్రం పెనం మీద ఉండదు. అంతటి పెనం చేతిలో ఉండగా చూడకపోవడం తోమేవారి సౌందర్యదృష్టి లోపమని ఒక సిద్ధాంతం రూపొందించి, ఆ చిత్రాన్ని నా శ్రీమతికి చూపించాను. ఆమె ఒక్క క్షణం చూసి, “నడుం నొప్పి” అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండో చిత్రం సగంలో ఉండగా మామిడికాయల కాలం వచ్చింది. వెలుగునీడలు చూసుకుని వారం రోజులపాటు నేను అమర్చుకున్న జాడీని ఆమె తీసుకుపోయి, కడిగి, ఎండబెట్టి, ఆవకాయ పెట్టి, వాసెన కట్టేసింది. కళకు జరిగిన ఈ అన్యాయాన్ని నేను తీవ్రంగా ఖండించగా, “చెంబు ఉందిగా, దగ్గరనుంచి చూద్దురుగాని రండి” అంటూ నా చేతిలో నానిన చింతపండు ముద్ద పెట్టింది.