బీపీ బిళ్ల పనికొస్తుంది, ఫిట్స్ బిళ్ల పనికిరాదు

నీలం నీళ్లలో నా రక్తపు చుక్క బుడుంగున మునిగింది. క్యాంపుల్లో రక్తమిచ్చేవాళ్లకు ఆ గాజు గ్లాసు బాగా తెలుసు. అందులో ఉండేది మైలుతుత్తం నీళ్లు, అదే కాపర్ సల్ఫేట్. చుక్క మునిగిందంటే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని లెక్క. బరువు సరిపోయింది, బీపీ మామూలుగానే ఉంది. కావలి ట్రంకు రోడ్డు పక్కన ఒక కల్యాణ మండపంలో, హీరో పుట్టినరోజుకి అభిమానులు పెట్టిన క్యాంపు అది. ఫారంలో మందులేమైనా వాడుతున్నారా అన్నచోట అవునని టిక్ పెట్టాను. ఏం మందులన్నా అని టెక్నీషియన్ కుర్రాడు అడిగాడు. ఫిట్స్‌కి కార్బమాజెపైన్ వాడుతున్నాననీ, చివరిసారి ఫిట్స్ వచ్చి తొమ్మిదేళ్లు దాటిందనీ చెప్పాను. అతను ఫారాన్ని రెండుగా మడిచి, వెనక లైనులో వాళ్లందరికీ వినపడేలా అన్నాడు:

"ఫిట్స్ వాళ్ల రక్తం పనికిరాదన్నా."

ఫ్రూటీలు పంచుతున్న పిల్లాడికి ఇదేమీ తెలియదు. నాకూ ఒకటి ఇచ్చాడు, తాగేసి వచ్చాను.

కుర్రాడి మాటలో సగం రూలు, సగం అబద్ధం. రూలు నిజంగానే ఉంది. దేశంలో రక్తదానానికి రూల్స్ పెట్టే నేషనల్ బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ కౌన్సిల్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూర్ఛ, అంటే ఫిట్స్ జబ్బు, ఉన్నవాళ్లను శాశ్వతంగా పక్కన పెట్టాలి. కాబట్టి నన్ను తిప్పి పంపినందుకు అతని మీద నాకు కోపం లేదు. తీసుకుని ఉంటే అతని ఉద్యోగానికే ముప్పు. అబద్ధమల్లా 'రక్తం పనికిరాదు' అన్నదే. మూర్ఛ అంటే మెదడులోని విద్యుత్ సంకేతాలు కాసేపు అదుపు తప్పడం. అది అంటుకునే జబ్బు కాదు, రక్తం ద్వారా ఇంకొకరికి పోయేది అంతకంటే కాదు.

మరి రూలు ఎందుకు పెట్టారు? ముఖ్యంగా ఇచ్చేవాడి క్షేమం కోసం. రక్తం ఇచ్చాక కొంతమందికి కళ్లు తిరుగుతాయి, కొందరు స్పృహ తప్పుతారు. అలా పడిపోయినప్పుడు మామూలు మనుషులకు కూడా ఒక్కోసారి చేతులూ కాళ్లూ కొట్టుకుంటాయి. ఫిట్స్ ఉన్నవాడికి అలా జరిగితే అది కళ్లు తిరగడమో ఫిట్సో అక్కడికక్కడ తేల్చడం కష్టం. పైగా చేతిలో సూది ఉంటుంది. క్యాంపులో ఉండేది ఒక డాక్టరు, నాలుగు మంచాలు. ఈ జాగ్రత్తను నేను కొట్టిపారేయను. నిన్నగాక మొన్న ఫిట్స్ వచ్చిన మనిషిని ఆ మంచం ఎక్కించకూడదు కూడా.

రెండో కారణంగా చెప్పేది మందు, అది రక్తంతో పాటు రోగికి చేరుతుందని. ఇక్కడ చిన్న లెక్క వేయాలి. కార్బమాజెపైన్ పని చేయాలంటే రక్తంలో లీటరుకు 4 నుంచి 12 మిల్లీగ్రాములు ఉండాలి. సంచిలోకి సాధారణంగా తీసేది 350 మిల్లీలీటర్లు. ఆ హద్దులో పై అంచున ఉన్నా అందులో పోయే మందు నాలుగు మిల్లీగ్రాముల కంటే కాస్తే ఎక్కువ. ఒక మామూలు బిళ్ల 200 మిల్లీగ్రాములు. అంటే రోగికి చేరేది బిళ్లలో దాదాపు యాభయ్యో వంతు. అన్ని మందులనూ ఒకే గాటన కట్టలేం, అది నిజమే. ఫిట్స్‌కే వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది, ప్లేట్‌లెట్లనూ తగ్గించగలదు. ఆ మందు విషయంలో భయపడటంలో అర్థముంది. అలాగైతే ఆ మందు పేరు రాసి ఆపాలి గానీ జబ్బు పేరు రాసి అందరినీ ఆపడమేంటి?

ఇదే మార్గదర్శకాలు బీపీ బిళ్లలు వేసుకునేవాళ్ల దగ్గర రక్తం తీసుకోమంటాయి, ఆ రోజు బీపీ హద్దులో ఉండి, ఈమధ్య మందు గానీ డోసు గానీ మారకుండా ఉంటే. షుగర్ బిళ్లల వాళ్లయితే నాలుగు వారాలుగా డోసు మారకుండా ఉంటే సరే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లను మాత్రం వద్దన్నారు. అంటే ఈ రూలు రాసినవాళ్లకు అదుపులో ఉన్న జబ్బుకూ అదుపు తప్పిన జబ్బుకూ తేడా తెలుసు. బీపీ, షుగర్ దగ్గర పాటించిన ఆ తేడా మూర్ఛ దగ్గరికి వచ్చేసరికి మాయమైంది. నిన్న ఫిట్స్ వచ్చినవాడూ, చిన్నప్పుడెప్పుడో వచ్చి మందు కూడా మానేసి ఇరవై ఏళ్లయినవాడూ ఇద్దరూ ఒకే గడిలో, 'శాశ్వతంగా' అన్న మాట కింద ఉన్నారు. అమెరికాలో ఫిట్స్ అదుపులో ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీసుకుంటూనే ఉన్నారు. అలాంటి దాతల్లో ఇబ్బందులు మిగతావాళ్లకంటే ఎక్కువేమీ లేవని 1990లలోనే అక్కడ ఒక అధ్యయనం చెప్పింది.

మన దగ్గర మూర్ఛ మీద చట్టమే మొన్నటిదాకా చిన్నచూపు చూసింది. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితాలో పిచ్చితో పాటు మూర్ఛ కూడా ఉండేది. దాన్ని తీసేసింది 1999లో. చట్టంలోంచి పోయింది గానీ మా ఊళ్లలో పెళ్లిచూపుల్లోంచి పోలేదు. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే ఇప్పటికీ తాళాలగుత్తి కోసం పరిగెత్తేవాళ్లే ఎక్కువ, పక్కకు ఒత్తిగిలించేవాళ్లు తక్కువ. ఇలాంటి చోట పదిమంది ముందు 'ఫిట్స్ వాళ్ల రక్తం పనికిరాదు' అంటే జనం దాన్ని రూలుగా వినరు. 'మనిషి పనికిరాడు' అనే వింటారు.

వినేవాడు ఏం చేస్తాడో మా ఇంట్లోనే చూశాను. మేనమామ కొడుకు, నాకు బావమరిది వరస. భార్యకు నెల్లూరులో సిజేరియన్. రెండు యూనిట్లు ఎక్కించాలి, బదులుగా దాతల్ని తెచ్చుకోండి అన్నారు ఆస్పత్రిలో. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషేధం. అది మంచిదే, కాకపోతే ఆ బరువు కాస్తా బంధువుల మీద పడింది. వరండాలో వాళ్ల అత్తగారు, "ఇంత మనిషి అల్లుడుండగా బయటోళ్లను పిలవడమేంది?" అంది. అతనికి ఫిట్స్ ఉన్న సంగతి అత్తవారింట్లో చెప్పలేదు. లోపలికెళ్లి ఫారంలో అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టి, రక్తం ఇచ్చి వచ్చాడు.

"బిళ్ల రక్తంలో కనపడుద్దేమోనని రెండు పూటలు మానేశా బావా," అన్నాడు తర్వాత.

దాత రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఫిట్స్ మందు ఉందో లేదో ఎవరూ చూడరు. కానీ ఫిట్స్ మళ్లీ రావడానికి బిళ్లలు ఎగ్గొట్టడాన్ని మించిన కారణం ఉండదని ఏ న్యూరాలజిస్టునడిగినా చెబుతాడు. దాతకు ముప్పు రాకూడదని పెట్టిన రూలు, ముప్పు కొనితెచ్చుకుని మరీ మంచమెక్కేలా చేసింది అతన్ని. ఫారంలో ఆ ప్రశ్న పక్కనే 'ఇది మీ క్షేమం కోసం, మీ రక్తంలో దోషం లేదు, మందు మానొద్దు' అని తెలుగులో ఒక్క వాక్యం ఉంటే అతను ఆ పని చేసేవాడా అని నాకు అనుమానం. ఆ ప్రశ్నను లైనులో కాకుండా పక్కకు పిలిచి అడిగినా చాలు. రూలు మారడానికి ఢిల్లీలో ఎన్నేళ్లు పడుతుందో గానీ, వీటికి ఢిల్లీ అక్కర్లేదు.

అదృష్టం కొద్దీ ఆ రోజు ఏమీ కాలేదు. పాప పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు. దాతగా అతనికిచ్చిన సర్టిఫికెట్‌ను మామగారు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. తొంభై రోజులు నిండగానే, మళ్లీ రక్తం ఇవ్వొచ్చు రమ్మని అతని ఫోనుకి మెసేజ్ వచ్చింది.