జనంతో సహా భద్రపరచండి

ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ రైలు మ్యూజియం ఉంది. 1977 నుంచీ ఉంది. అందులో ఓ పూట తిరిగితే ఒక సంగతి అర్థమవుతుంది: మన తాతముత్తాతలందరూ మహారాజులే. వేల్స్ యువరాజు కోసం 1875లో కట్టిన సెలూన్ (అంటే విలాసమైన ప్రత్యేక రైలు పెట్టె), బరోడా వారి 1886 నాటి సెలూన్, టేకు, బంగారం, ఏనుగు దంతం పొదిగిన 1899 నాటి మైసూరు సెలూన్. జనం ఆగి ఫొటోలు దిగేది వీటి దగ్గరే. మూడో తరగతి అనేది గిట్టనివాళ్లు పుట్టించిన పుకారేమో అనిపిస్తుంది. 1974లో దాన్ని రద్దు చేశారు కూడా. అంటే పెట్టె మీద అంకె మార్చారు.

పటియాలా మోనోరైలును మాత్రం మెచ్చుకోవాలి. 1907లో మొదలైన ఈ బండికి ఒకటే పట్టా. బరువు దాదాపు అంతా దాని మీద, పడిపోకుండా ఇంకో పెద్ద చక్రం పక్కనున్న రోడ్డు మీద. ఒక కాలు మెట్టు మీద, మరో కాలు గాల్లో పెట్టి వేలాడే మన ఫుట్‌బోర్డు ప్రయాణికుడి లాంటిదే, కాకపోతే బండి రూపంలో. మొదట్లో దీన్ని కంచర గాడిదలు లాగేవి.

ఇంతకీ నా విన్నపం ఒక్కటే. చెన్నైలోని పెరంబూరులో 1955 నుంచి తయారైన పాతరకం పెట్టెలు 2018లో ఆగిపోయాయి. అవి పూర్తిగా తుక్కులోకి పోకముందే ఒక జనరల్ బోగీని మ్యూజియంలో పెట్టాలి. ఖాళీ పెట్టె పెడితే చరిత్ర కాదు, జనంతో సహా పెట్టాలి. ఏం పెట్టాలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ జనరల్లో సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ దాకా నిలబడి వచ్చినవాళ్లను కమిటీలో వేస్తే వాళ్లే చెబుతారు. కూర్చోబెట్టి అడగండి, సంతోషిస్తారు.

ముందుగా తుండుగుడ్డ. సీటు మీద పరిచిన తుండుగుడ్డకు ఉన్న చట్టబద్ధత ఈ దేశంలో రిజిస్టర్డ్ దస్తావేజుకు కూడా లేదు. దాన్ని గాజుపెట్టెలో పెట్టాలి. పక్కన ఒక ఉద్యోగిని నియమించాలి. సందర్శకులెవరైనా కూర్చోబోతే "ఇక్కడ మనిషున్నాడు" అనడమే అతని పని. ఆ మనిషి ఎవరో, ఎప్పుడొస్తాడో పురావస్తు శాఖ కూడా కనిపెట్టకూడదు. తర్వాత సామాన్ల బల్ల, దాని మీద నిద్రపోయే పెద్దమనిషి. ముగ్గురి బెంచీ మీద ఆరుగురు, ఏడో ఆయన "కొంచెం జరగన్నా" అంటూ. ఈ మాటను రికార్డు చేసి వినిపించనక్కర్లేదు, పెట్టెలోకి పదిమంది ఎక్కితే దానంతటదే వినిపిస్తుంది.

ఇక మరుగుదొడ్డి. దీనికి ప్రత్యేక గౌరవం ఇవ్వాలి. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు పనసపండు ఎక్కువ తిని, అహ్మద్‌పూర్ స్టేషన్లో పక్కకు వెళ్లాడు. గార్డు ఈల వేశాడు. ఒక చేత్తో చెంబు, మరో చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పడ్డాడు. గార్డుకు జరిమానా వేయమని సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకు వచ్చీరాని ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. సామాన్యుల పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెబుతారు. దాన్ని ఈ మ్యూజియంలోనే దాచారు. ఆయన సాధించిన ఆ గదిలో ఇవాళ పండగ రోజుల్లో నలుగురు పెద్దలు, రెండు ట్రంకు పెట్టెలు, ఒక సిమెంటు బస్తా సంచీ ప్రయాణం చేస్తున్నాయి. తలుపు కొడితే "మనుషులున్నారు" అంటారు. అసలు పనికి వచ్చినవాడు మళ్లీ స్టేషన్ కోసం ఎదురుచూడాలి. ఈ ప్రగతిని ఉత్తరం పక్కనే ప్రదర్శించడం న్యాయం.

చివరగా ఒక అభ్యంతరం. మ్యూజియం ఆవరణలో పిల్లల కోసం బొమ్మ రైలు తిరుగుతుంది. అందులో టికెట్ కొన్న ప్రతివాళ్లనూ కూర్చోబెడుతున్నారు. ఇది చరిత్రను వక్రీకరించడమే. లేత మనసుల మీద ఎలాంటి ముద్ర పడుతుందో ఆలోచించారా? రేపటి నుంచే దానికి వెయిటింగ్ లిస్టు పెట్టాలి, తత్కాల్ కూడా.