పాపం, ఆ 225 మంది!

శ్రీలంక ప్రజలకు విశ్వాసం లేదని 2022లోనే తేలిపోయింది. పాలకులు పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి నిలబడే ఓర్పు నేర్పారు, రోజుకు 13 గంటల చీకటి ప్రసాదించారు. అయినా జనం కొలంబోలోని గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు వేసుకుని ‘గోటా, ఇంటికి పో’ అన్నారు. అదీ చాలక ‘225 మందీ వద్దు’ అన్నారు. పార్లమెంటులో ఉన్నదే 225 మంది!

అసలు వారు చేసిన తప్పేమిటి? రాజపక్స సోదరుల్లో తమ్ముడు గోటబయ (జనం పిలిచే ‘గోటా’) అధ్యక్షుడు, అన్న మహింద ప్రధాని, చిన్న తమ్ముడు బాసిల్ ఆర్థిక మంత్రి. పెద్దన్నకు నీటిపారుదల, అన్న కొడుక్కి క్రీడలు. ఉమ్మడి కుటుంబాలు కనుమరుగవుతున్నాయని వాపోయే మన పెద్దలు దండ వేసి దణ్ణం పెట్టవలసిన మంత్రివర్గం అది. 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించారు. ఖజానాకు దొంగల భయం తీరింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపి డాలర్లు మిగిల్చారు. వరి దిగుబడి పడిపోతే, అవే డాలర్లు పెట్టి బియ్యం తెప్పించారు. ఇంతకంటే పొదుపు ఇంకెవరు చేస్తారు?

2022 జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి ఈతకొలనులో ఈదారు. లోపల కోటీ 78 లక్షల రూపాయల నోట్లు దొరికితే, కూర్చుని లెక్కపెట్టి పోలీసులకు అప్పజెప్పారు. ఇలాంటి వాళ్లకు రాజకీయం ఎన్నటికి వంటబట్టేను!

అందుకే పార్టీలే పూనుకోవలసి వచ్చింది. 2020 పార్లమెంటు ఎన్నికల్లో మాజీ ప్రధాని రణిల్ విక్రమసింఘే ఓడారు. ఆయన పార్టీ ఒక్క చోటా గెలవలేదు, దేశమంతటా వచ్చిన ఓట్ల వాటాను బట్టి ఇచ్చే జాతీయ జాబితా కింద ఒకే ఒక్క స్థానం దక్కింది. గోటబయ దిగిపోయాక, ఆ స్థానంలో కూర్చున్న ఆయననే 134 మంది సభ్యులు అధ్యక్షుణ్ణి చేశారు. జనం ఓడించిన మనిషిని, జనం పొమ్మన్న వాళ్లు ఎన్నుకున్నారన్నమాట.

2022లో కాగితం లేక పశ్చిమ రాష్ట్రంలో బడిపిల్లల పరీక్షలు వాయిదా పడ్డాయి. 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలూ ఆగిపోయాయి. బ్యాలెట్ల ముద్రణకు డబ్బు లేదట! నాయకులు కూడా ఒకప్పుడు పిల్లలే కదా.

2024 పార్లమెంటు ఎన్నికల్లో పరీక్ష తప్పలేదు. 3 స్థానాలున్న ‘నేషనల్ పీపుల్స్ పవర్’ కూటమికి 159 వచ్చాయి. 145 ఉన్న రాజపక్సల పార్టీకి 3 మిగిలాయి. ఆ మూడు కుర్చీలనూ వాళ్లు ఖాళీగా వదల్లేదు. ఎంతైనా బాధ్యత గల పార్టీ.