అందానికి కట్టిన అద్దె: పుదుచ్చేరి హోటలు మీద ఒక వాదోపవాదం

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో, సముద్రపు గట్టుకు రెండు వీధుల ఇవతల, ఫ్రెంచివారి కాలపు ఇంటిని బాగుచేసి నడుపుతున్న ఒక బొటీక్ హోటలులో మా బంధువుల అమ్మాయి తన తల్లితోనూ మేనమామతోనూ కలిసి బస చేసింది. గది అద్దె రాత్రికి 11,000 రూపాయలు. తిరిగి వచ్చాక ఆమె ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తూ ఒక సమీక్ష రాసి, పంపేముందు మేనమామకు చూపించింది. ఆయన యానాంలో ప్రజాపనుల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆమె హైదరాబాదులో ఆడిటరు. వారిద్దరి నడుమ నడిచిన వాదాన్ని మాటల తొందర సవరించి ఇక్కడ రాస్తున్నాను. నా మొగ్గు ఎటువైపో దాచే ప్రయత్నం మాత్రం చేయలేదు.

మావయ్య: నువ్వు రాసినదంతా చదివాను, అమ్మాయీ. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని పంపవద్దంటాను. లిఫ్టు లేదన్నావు, వేడినీళ్ళు ఆలస్యంగా వచ్చాయన్నావు, గోడ మీద తేమ మరక ఉందన్నావు. నిన్న మొన్న కట్టిన స్టార్ హోటలును కొలిచే కొలబద్ద పట్టుకుని పాత ఇంట్లోకి అడుగుపెడితే లోపాలు తప్ప మరేం కనబడతాయి?

మేనకోడలు: నా కొలబద్ద ఒకటే, మావయ్యా. గది చూపించి డబ్బు తీసుకునేటప్పుడు ఏమి చెప్పారు, తీరా వెళ్ళాక ఏమి ఇచ్చారు? అమ్మ మోకాళ్ళ సంగతి బుకింగ్ సమయంలోనే రాశాను. మీకూ మాకూ గదులు పై అంతస్తులోనే ఇచ్చారు. ఆ నిటారు చెక్కమెట్లు ఎక్కలేక అమ్మ ఉదయం ఒకసారి దిగి, రాత్రి ఒకసారి ఎక్కి, మధ్యాహ్నమంతా కింద నడవాలో కుర్చీలో కూర్చుంది. పదకొండు వేల గదిలో ఆమె పగలు నడుము వాల్చింది లేదు.

మావయ్య: కింద గదులు ఖాళీ లేవు. లిఫ్టు ఎందుకు లేదో నేను చెబుతాను, విను. ఆ ఇంటి కప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద చిన్న ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి, డంగు సున్నంతో అతికించి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దట్టించి కడతారు. అందులో ఇనుము లేదు, సిమెంటు లేదు. దానికి లిఫ్టు కోసం నిలువునా కంత పెడితే దూలాల వరస తెగుతుంది. గోడ మీద మరక అన్నావు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇటుకలో చేరి బయటికి పొంగుతుంది. సిమెంటు పూస్తే మరక కొన్నాళ్ళు కనబడకుండా పోతుంది కానీ, లోపల తేమ చిక్కుకుని ఇటుకే పొడి అవుతుంది. వాళ్ళు సున్నమే పూశారు కనుక గోడ ఊపిరి పీల్చుకుంటోంది, మరకా కనబడుతోంది. ఆ మరకను చూసి నేను సంతోషించాను, నువ్వు ఫొటో తీశావు.

ఇంకో మాట. అదే గట్టు మీద 1870 ప్రాంతంలో కట్టిన మేరీ భవనం, అంటే ఫ్రెంచివారి పురపాలక భవనం, ప్రభుత్వం చేతిలో ఉండి కూడా 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. ప్రపంచ బ్యాంకు డబ్బుతో పాత నమూనాలోనే మళ్ళీ కట్టి 2021లో తెరిచారు. ప్రభుత్వమే కాపాడుకోలేని చోట, ఈ హోటళ్ళ వాళ్ళు ఇల్లిల్లూ తీసుకుని దూలం దూలం మార్చి నిలబెట్టారు. ఆ ఖర్చు నీ అద్దెలో ఉంది. నువ్వు అద్దె కట్టింది పరుపుకూ దిండుకూ మాత్రమే కాదు.

మేనకోడలు: మేరీ భవనం సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. మరక సంగతి కూడా మీరు చెప్పాకే అర్థమైంది, ఆ వాక్యం తీసేస్తాను. కానీ ఒక ప్రశ్న. పడకగదికీ స్నానాలగదికీ మధ్య నిలువెత్తు గాజు పలక పెట్టారు, దానికి తెర కూడా లేదు. అమ్మ స్నానానికి వెళ్ళిన ప్రతిసారీ నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ గాజు పెట్టింది ఫ్రెంచివారా?

మావయ్య: కాదు. అది ఈ కాలపు డిజైనరు తెలివి. కొత్తగా పెళ్ళయిన జంటలను తలచుకుని పెట్టి ఉంటాడు.

మేనకోడలు: ఇందాక మీరు చెప్పిన న్యాయం ఇక్కడే తేలిపోతోంది. ఇంటి వయసు వల్ల వచ్చిన ఇబ్బందులు వేరు, యజమాని ఎంచుకుని తెచ్చిన ఇబ్బందులు వేరు. మొదటివాటిని నేను భరిస్తాను, ముందుగా చెబితే. రెండోవాటిని ఇంటి వయసు చాటున దాచడానికి వీల్లేదు. శనివారం రాత్రి ఇంటి నడుమ ఉన్న ముంగిలిలో మైకు పెట్టి పాటకచేరీతో విందు నడిపారు. నాలుగు వైపులా గోడలు, పైన ఆకాశం. కింద మీటిన తీగ పై గదిలో మోగింది. పదకొండు దాటాక గానీ ఆపలేదు. ఆ విందుకు బయటివాళ్ళే ఎక్కువ వచ్చారు. గది అద్దెకు తీసుకున్నది మేము, నిద్ర పోగొట్టుకున్నదీ మేమే. వేడినీళ్ళు కూడా అంతే. కొత్త గొట్టాలు వేశారు, కొత్త కుళాయిలు పెట్టారు, కుళాయి మెరుపు మీద పెట్టిన శ్రద్ధ నీళ్ళ మీద పెట్టలేదు.

ఇక సముద్రం. బుకింగ్ పేజీలో ‘బీచికి రెండు నిమిషాల నడక’ అని రాసి, ఇసుక మీద గొడుగు కింద పడక కుర్చీ వేసిన ఫొటో పెట్టారు. మనం వెళ్ళి చూసింది నల్లరాళ్ళ గుట్ట. ఇసుక కొంచెం కనబడిన చోట నీళ్ళలోకి దిగవద్దని బోర్డు.

మావయ్య: సముద్రం నేరం హోటలు వాడి మీద వేస్తే ఎలా? ఆ ఇసుక ఎందుకు పోయిందో నాకు తెలుసు. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది కలిసే చోట, హార్బరు కోసం సముద్రంలోకి రాతి కట్టలు కట్టారు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. కట్ట అడ్డం పడేసరికి ఇసుక అక్కడే ఆగింది, ఉత్తరాన ఉన్న ఊరి ముందు తీరం కోసుకుపోయింది. గట్టును కాపాడుకోవడానికి రాళ్ళు పోశారు. ఫైళ్ళ పని మీద యానాం నుంచి సచివాలయానికి వచ్చిన ప్రతిసారీ నేను చూసింది ఆ రాళ్ళనే. ఈ మధ్య, 2018 తరవాత, సచివాలయం ఎదుట నీటి అడుగున కృత్రిమ దిబ్బ కట్టాక కొంత ఇసుక తిరిగి చేరింది. నువ్వు చూసింది ఆ ఇసుకే.

మేనకోడలు: మీరు చెప్పినంత చరిత్ర వాళ్ళు చెప్పనక్కరలేదు. ‘గట్టు దగ్గర రాళ్ళు ఉన్నాయి, స్నానానికి పనికిరాదు, సముద్రంలో దిగాలంటే ఊరి బయట బీచికి వెళ్ళాలి’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. దక్షిణాన ఈడెన్ బీచి ఉంది, శుభ్రమైన, సురక్షితమైన బీచిలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా దానికి 2021లో వచ్చింది. ఆ ఫొటో ఎక్కడిదో గానీ ఆ గట్టుది మాత్రం కాదు.

మావయ్య: ఫొటో తప్పే. అయితే ఆ గట్టు ఇచ్చినదాన్ని నీ సమీక్షలో ఒక్క ముక్క రాయలేదేం? సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా ఆ రోడ్డు మీదికి వాహనాలు రావు. తెల్లవారుజామున మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని గాంధీ విగ్రహం దాకా నడిచి వచ్చింది. మోకాళ్ళ నొప్పి మాట ఎత్తలేదు. ఊరి బయట, చెన్నై వైపు పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, లిఫ్టూ ఈతకొలనూ ఉన్న హోటలులో దిగి ఉంటే ఆ నడక ఉండేదా? సుఖం కావాలనుకున్నవాళ్ళు అక్కడికి పోవాలి. నువ్వు ఫ్రెంచి కిటికీలు చూసి మోజుపడి ఇక్కడ గది తీసుకున్నావు.

మేనకోడలు: మోజుపడ్డాను, నిజమే. మీరేమీ తక్కువ మోజుపడలేదు. ఆ వీధుల్లో నడుస్తూ ప్రతి పసుపు గోడనూ తడిమి చూశారు. మన తాతగారి ఇంటి మీద ఆ ప్రేమ లేకపోయింది.

మావయ్య: ఆ మాట ఎందుకు తెచ్చావు?

మేనకోడలు: పాత ఇళ్ళ మీద నాకు గౌరవం లేదన్నట్టు మాట్లాడుతున్నారు కనుక. యానాంలో మన ఇల్లు అమ్మింది మీరు. మండువా తీసి అపార్టుమెంటు లేపినవాడి దగ్గర రెండు ఫ్లాట్లు తీసుకున్నదీ మీరే.

మావయ్య: అవును, నేనే అమ్మాను. మూడు వర్షాకాలాలు వరసగా కప్పు కారింది. పెంకు దొరకదు, దొరికినా నేసేవాడు దొరకడు. మీ అమ్మను అడిగాను, ఆమె దగ్గర డబ్బు లేదు. మీ నాన్నగారిని అడిగాను, అత్తవారి ఇంటికి పెట్టుబడి ఏమిటన్నారు. నువ్వు హైదరాబాదులో పరీక్షలకు చదువుతున్నావు. గోదావరి ఒడ్డున ఆ ఇంటిని తీసుకుని నాలుగు గదులు అద్దెకిచ్చి నడుపుతాననే మనిషి ఒక్కడు వచ్చి ఉంటే, వాడు ఎంత గాజు బిగించుకున్నా సరే, తాళంచెవులు చేతిలో పెట్టేవాణ్ణి. అటువంటి మనిషి రాలేదు. పుదుచ్చేరిలో వచ్చాడు. అందుకే నాకు వాడి మీద కోపం రాదు.

(ఈ మాట దగ్గర ఆ అమ్మాయి కొంతసేపు ఏమీ అనలేదు. వాదంలో ఆయన వేసిన దెబ్బల్లో గట్టిది ఇదేనని నేననుకుంటున్నాను. దీనికి ఆమె జవాబు చెప్పనూ లేదు, మరో దారిలో వాదం అందుకుంది.)

మేనకోడలు: కోపం వద్దు, సరే. లెక్క చూద్దాం. గది ఏడున్నర వేలు దాటింది కనుక దాని మీద 18 శాతం జీఎస్టీ. అది చట్టం, నాకు పేచీ లేదు. అంత అద్దె ఉన్న హోటలు కనుక భోజనం మీద కూడా 18 శాతం, బయటి హోటలులో అయితే 5. ఈ సంగతి వడ్డించేముందు ఎవరూ చెప్పలేదు, దాన్నీ వదిలేస్తాను. చివరి రాత్రి భోజనం బిల్లు 3,200. దాని మీద 10 శాతం సర్వీసు చార్జీ, 320. ఆ రెండూ కలిపిన మొత్తం మీద మళ్ళీ జీఎస్టీ. సర్వీసు చార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. అడిగితే తీసేస్తామని కౌంటరులో కూర్చున్నాయన నవ్వుతూ అన్నాడు. అడగనివాళ్ళ దగ్గర పుచ్చుకోవచ్చుననేగా ఆ నవ్వుకు అర్థం?

మావయ్య: ఆ తీర్పు మీద రెస్టారెంట్ల సంఘాలు అప్పీలుకు వెళ్ళాయి. పైగా ఆ 320 రూపాయలు పనివాళ్ళు పంచుకుంటారు. మీ అమ్మకు కారం పడదని తెలిసి, అడగకుండానే మిరియాలు తగ్గించి చారు పెట్టించి, కాళ్ళు చాపుకోవడానికి చిన్న పీట తెచ్చి వేసిన కుర్రాడు ఉన్నాడు చూడు, కడలూరు కుర్రాడు. నీ రెండు నక్షత్రాలు ముందుగా తగిలేది వాడికే. యజమాని చెన్నైలోనో ప్యారిస్‌లోనో ఉంటాడు. అతిథి కోపగించుకున్నాడని వాడి జీతంలో కోస్తారు. గాజు పెట్టిన డిజైనరు జీతంలో కోయరు.

మేనకోడలు: ఆ కుర్రాడి గురించే అసలు చెప్పాలి. మనం గది ఖాళీ చేసే పూట పెట్టెలు కారులో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, ‘మేడమ్, రివ్యూలో నా పేరు రాయండి’ అని అడిగాడు, గుర్తుందా? పేర్లు ఎన్ని పడితే అంత మెప్పు అని వాళ్ళకు చెప్పి పెట్టారు. మెట్ల దగ్గర అమ్మను పట్టుకుని దింపిందీ వాడే, కచేరీ ఆపమని నేను గోల పెడితే చివాట్లు తిన్నదీ వాడే, చివరికి మంచి మాట రాయమని బతిమాలుకోవలసిందీ వాడే. హోటలు వాళ్ళు చేయవలసిన ఏర్పాటు ఏదైతే చేయలేదో, దాన్ని వాడి ఒళ్ళు వంచి పూడ్చారు. అతిథి మనసు కరిగేది వాడిని చూసి, ఐదు నక్షత్రాలు పడేది యజమాని ఖాతాలో. ఆ పేజీలో ఉన్న సమీక్షలన్నీ చదివాను, సగంలో వాడి పేరో వాడివంటి మరొకరి పేరో ఉంది. మెట్ల సంగతి ఎవరూ రాయలేదు. రాసి ఉంటే నేను అమ్మను తీసుకువెళ్ళేదాన్ని కాదు. మీరు చెప్పిన జాలి అందరూ చూపించబట్టే నాకు ఆ సంగతి తెలియలేదు. రేపు మోకాళ్ళ నొప్పులున్న తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళబోయే మరో కూతురు ఆ పేజీ తెరుస్తుంది. నేను రాసేది ఆమె కోసం, యజమానిని శిక్షించడానికి కాదు.

మావయ్య: అయితే ఆమె కోసమే రాయి, కోపం తీసి రాయి. మెట్లు ఉన్నాయి, లిఫ్టు పెట్టే వీలు లేదు, కింద గది ఖరారు చేసుకున్నాకే డబ్బు కట్టండి అని రాయి. శనివారం కచేరీ ఉంటుందని రాయి. గాజు సంగతి నీ ఇష్టమొచ్చినంత ఘాటుగా రాయి. ఆ పైన తెల్లవారు గట్టు మీద నడక గురించీ, సున్నపు గోడల గురించీ కూడా ఒక పేరా ఉండాలి. అది లేకపోతే నీ సమీక్ష కూడా వాళ్ళ ఫొటో లాంటిదే అవుతుంది, సగమే చూపిస్తుంది.

మేనకోడలు: ఆ పేరా మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. దూలాల సంగతి మీరు చెప్పినట్టు నాకు రాదు.

మావయ్య: చెబుతాను. కుర్రాడి పేరు?

మేనకోడలు: రాస్తాను. కింద గదులు ముందుగా కేటాయించి ఉంటే ఆ కుర్రాడికి అంత శ్రమ ఉండేది కాదని పక్కనే రాస్తాను.

మావయ్య: నక్షత్రాలు మూడు చెయ్యి.

మేనకోడలు: సర్వీసు చార్జీ వెనక్కి ఇమ్మని మేనేజరుకు ఉత్తరం పెడుతున్నాను. వారంలో ఇస్తే మూడు. ఇవ్వకపోతే రెండే ఉంటాయి, వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోనూ వెళుతుంది.

మావయ్య: 320 రూపాయలకా?

మేనకోడలు: 377 రూపాయల 60 పైసలు, మావయ్యా. దాని మీద వేసిన జీఎస్టీ మరిచిపోయారు.