సవరణ: గుండ్రం కనిపించినంత మాత్రాన మీటర్ కాదు

సర్క్యూట్ బొమ్మలో గుండ్రం, దాని లోపల ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటే అది మీటర్ అని మొన్నటి పోస్టులో రాశాను, ఆ ఒక్క మాటే పట్టుకుంటే ఐటీఐ పిల్లలు తప్పకుండా తికమకపడతారు కాబట్టి వివరంగా చెబుతున్నాను.

ఏ అంటే అమ్మీటర్ (కరెంటు కొలిచేది), వి అంటే వోల్ట్‌మీటర్ (వోల్టేజ్ కొలిచేది), డబ్ల్యూ అంటే వాట్‌మీటర్ (పవర్ కొలిచేది). ఇందులో మార్పేమీ లేదు. కానీ ఎం ఉంటే అది మోటార్. అక్షరం లేకుండా ఇంటూ గుర్తు ఉంటే ల్యాంప్. అసలు చిక్కంతా జి దగ్గరే: వీట్‌స్టన్ బ్రిడ్జి (తెలియని రెసిస్టెన్స్ కనుక్కునే సర్క్యూట్) మధ్యలో ఉన్న జి గాల్వనోమీటర్, అంటే చాలా చిన్న కరెంటును పసిగట్టే మీటర్, అదే పవర్ సర్క్యూట్‌లో సప్లై వైపు ఉన్న జి జనరేటర్. అక్షరం ఒక్కటే చూడకుండా, అది సర్క్యూట్‌లో ఎక్కడ ఉందో, వైర్లు ఎటు వెళ్తున్నాయో కూడా చూడండి.

ఇంకోటి, ఇంటి కరెంటు మీటర్‌కి గుండ్రం వాడరు. సర్క్యూట్ గుర్తులకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60617 ప్రకారం గుండ్రం అప్పటికప్పుడు రీడింగ్ చూపించే మీటర్లకి, యూనిట్లు కూడుతూ పోయే ఎనర్జీ మీటర్‌కి పైన చిన్న పట్టీ ఉన్న చతురస్రం. పట్టీ లేని చతురస్రం అయితే అది రికార్డింగ్ మీటర్, అంటే రీడింగులను నమోదు చేసేది.

అమ్మీటర్‌ని లోడ్‌కి పేరలల్‌గా గీయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ, దాని రెసిస్టెన్స్ చాలా తక్కువ, అలా కనెక్షన్ ఇస్తే దాదాపు షార్ట్ సర్క్యూటే, ఫ్యూజ్ పోతుంది లేదా మీటరే కాలుతుంది. వాట్‌మీటర్‌కి మాత్రం రెండూ కావాలి: కరెంట్ కాయిల్ సిరీస్‌లో, ప్రెషర్ కాయిల్ (వోల్టేజ్ కాయిల్) పేరలల్‌లో.