నంబరు చూడండి, ఫోను వదలండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, విజయనగరం కోట కూడలిలోనైనా పోలీసు చెయ్యెత్తితే బండి ఆపాల్సిందే. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. నంబరు ప్లేటుకైతే అడగాల్సిన పని కూడా లేదు. పదిమందికీ కనబడాలనే దాన్ని బిగించేది. ఆ నంబరు కొట్టి చలానా బకాయిలు, బీమా గడువు, దొంగ బండి అవునా కాదా చూసుకోవడాన్ని మేము తప్పుపట్టం. ఒడిశా వైపు నుంచి గంజాయి దిగే దారుల్లో ఇచ్ఛాపురం మీదుగా వచ్చే జాతీయ రహదారి ఒకటి. నంబరు మార్చి తిరిగే బళ్లను వదిలేయమని ఇక్కడ ఎవరూ అనరు.

పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. 2018 నుంచి బండి పత్రాలను ఫోనులో చూపినా చెల్లుతుంది. సుఖమైన మార్పే. కానీ లైసెన్సు చూపడానికి తెరిచిన ఫోను పోలీసు చేతికి వెళ్లిందంటే ఫొటోలు, సందేశాలు, బ్యాంకు లెక్కలు అన్నీ వెళ్లినట్టే. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో దారిన పోయేవారి ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి మాట కోసం వెతుకుతున్న పోలీసుల దృశ్యాలు అందరూ చూశారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చిన నాలుగేళ్లకు ఇది! తప్పు చేయనప్పుడు చూపడానికేం అంటారు. రాత్రి పని ముగించుకుని ఇల్లు చేరే పలాస జీడిపప్పు కార్మికురాలు ఆ ప్రశ్నకు ఎదురు చెప్పగలదా?

అనుమానం బలంగా ఉంటే చట్టంలోనే దారి ఉంది. మాదకద్రవ్యాల చట్టం కింద ఒళ్లు సోదా చేయాలంటే, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుటే చేయమని కోరే హక్కు ఆ మనిషికి ఉంది. 2024 జూలై నుంచి సోదాలను వీడియో తీయడం తప్పనిసరి.

ప్లేటు బహిరంగమే. అది ఏ రోజు, ఏ గంటకు, ఏ ఊళ్లో కనబడిందో పేర్చిన చిట్టా మాత్రం మనిషి జీవితం. ఇలాంటి సమాచారానికి అంగట్లో ధర ఉందని కేంద్రమే చూపింది: వాహనాల, లైసెన్సుల వివరాలను కంపెనీలకు ఇచ్చి 65 కోట్ల రూపాయలు సంపాదించినట్టు 2019లో పార్లమెంటుకు చెప్పింది. గోప్యతపై అభ్యంతరాలు రావడంతో ఆ విధానాన్ని మరుసటి ఏడాది ఎత్తేసింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం నేర దర్యాప్తుకు చాలా మినహాయింపులు ఇచ్చింది కాబట్టి పోలీసులే తమకు తాము గీత గీసుకోవాలి.

రెండు జిల్లాల ఎస్పీలు ఒక్క పేజీ ఉత్తర్వు ఇస్తే చాలు. పత్రాలు చూపేటప్పుడు ఫోను యజమాని చేతిలోనే ఉండాలి. ప్లేటు ఫొటో శాఖ ఇచ్చిన పరికరంతోనే తీయాలి, సొంత ఫోనుతో కాదు. కేసు లేని బండి ఫొటోను ఎన్నాళ్లకు చెరిపేస్తారో అందులో రాయాలి. ఆ కాగితాన్ని తనిఖీ జరిగే ప్రతి చోటా తెలుగులో, ఇచ్ఛాపురం దగ్గర ఒడియాలో కూడా అంటించాలి.